సంతోషం, తగ్గింపు జాడ పట్టుకుని ఫిలిప్పీ పత్రిక చదవడం ఎలా

డిసెంబరు 31 రాత్రి చాలా సంఘాల్లో వాగ్దానం కార్డులు పంచుతారు. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి ఒకటి తీసుకుని, వచ్చే ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట ఇదే అనుకుని, ఇంటికి తెచ్చి బీరువా తలుపుకి అంటిస్తాం. ఒక ఏడాది మా ఇంటికి వచ్చిన కార్డు ఫిలిప్పీ 4:13. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." అప్పుడు ఇంట్లో ఇంటర్ పరీక్షల టెన్షన్ నడుస్తోంది. కాబట్టి దాన్ని పరీక్షల వాగ్దానంగానే తీసుకున్నాం. దానికి ముందు వచనంలో ఏముందో ఎవరమూ చూడలేదు. అక్కడ ఉన్నది ఆకలి సంగతి. ఒక పూట తిండి ఉన్నా, ఒక పూట లేకపోయినా ఎలా బతకాలో నేర్చుకున్నానని ఒక ఖైదీ చెప్పుకుంటున్న మాట.

ఇది తొలి క్రైస్తవ బోధకుడు పౌలు జైల్లోంచి ఫిలిప్పీ అనే ఊరి సంఘానికి రాసిన ఉత్తరం. ఈ పత్రికని మనం ఎక్కువగా కార్డుల మీదే చదివాం. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" ఒక కార్డు, "దేనినిగూర్చియు చింతపడకుడి" ఇంకో కార్డు. విడివిడిగా అందంగానే ఉంటాయి. కానీ పత్రిక మొత్తం కలిపి చదివితే వేరే సంగతి తెలుస్తుంది. పౌలు సంతోషానికీ, ఆయన చెప్పే తగ్గింపుకీ వేరు ఒకటే. "నా పేరు, నా స్థాయి ఏమవుతాయో" అన్న బెంగ వదిలినవాడికి మాత్రమే అలాంటి చోట అలాంటి సంతోషం సాధ్యమైంది. దాన్ని మీరే పత్రికలోంచి వెతికి పట్టుకునే పద్ధతి కింద రాస్తున్నాను.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. మన ఇళ్లలో ఉండే పాత అనువాదం బైబిలు ఒకటి, వాడుక భాషలో ఉన్న అనువాదం ఇంకొకటి, ఒక నోట్‌బుక్, పచ్చ, ఎరుపు రంగు పెన్సిళ్లు. బైబిల్లో గీతలు గీయడానికి మనసొప్పకపోతే నాలుగు అధ్యాయాలూ జిరాక్స్ తీయించుకోండి.

మొదటి అడుగు: ఒక్క కూర్చోవడంలో, పైకి చదవండి

మొత్తం 104 వచనాలు. తాపీగా చదివినా ఇరవై నిమిషాలు దాటదు. మొదటిసారి పెన్సిల్ ముట్టుకోకండి. ఇంట్లో ఇంకొకరు ఉంటే ఒకరు చదవండి, ఒకరు వినండి.

పైకి ఎందుకంటే, ఇది వినడానికి రాసిన ఉత్తరం. పౌలు తన ఉత్తరాలు చెప్పి రాయించేవాడు. చేరిన ఊళ్లో సంఘం ఒక ఇంట్లో కూడితే ఒకరు చదివేవారు, చదువు రానివాళ్లతో సహా అందరూ వినేవారు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, వచనాల అంకెలు 1551లో వచ్చాయి. ఈ పత్రిక ఉన్న అతి పాత ప్రతుల్లో ఒకటి పి46 అని పిలిచే పపైరస్, సుమారు క్రీ.శ. 200 నాటిది. అందులో అంకెలు లేకపోవడం అటుంచి, పదాల మధ్య ఖాళీలు కూడా కనపడవు.

వింటున్నప్పుడు మూడో అధ్యాయం మొదట్లో మీకు కుదుపు తగలాలి. "ప్రభువునందు ఆనందించుడి" అని ముగింపులా అన్నవాడు మరుక్షణమే "కుక్కల విషయమై జాగ్రత్తగా ఉండుడి" అంటాడు. ఆ కుదుపు చూసి, ఇది రెండు మూడు ఉత్తరాలు కలిపి కుట్టినదని కొందరు పండితులు అంటారు. రెండో శతాబ్దంలో స్ముర్న బిషప్పు పొలికార్పు ఫిలిప్పీ వాళ్లకి రాస్తూ పౌలు మీకు "ఉత్తరాలు" రాశాడని బహువచనం వాడటం కూడా వాళ్ల వాదనకి ఒక ఆసరా. నాకైతే ఒకే ఉత్తరంగా చదివితేనే అర్థం బాగా కుదురుతుంది. ఎందుకో ఐదో అడుగులో చెబుతాను. తొందరగా తేల్చుకోవాల్సిన పని లేదు.

రెండో అడుగు: ఆ జైలు ఎలాంటిదో తెలుసుకోండి

రోమా సామ్రాజ్యంలో జైలు శిక్ష కాదు. తీర్పు వచ్చేదాకా మనిషిని ఉంచే చోటు మాత్రమే. శిక్ష ఆ తర్వాత: కొరడా దెబ్బలు, ప్రవాసం, గనుల్లో చాకిరీ, లేదా చావు. అంటే లోపల ఉన్నవాడికి "ఇన్నేళ్ల తర్వాత బయటికొస్తాను" అన్న లెక్క లేదు. రేపు విడుదల కావచ్చు, ఎల్లుండి తల పోవచ్చు. పౌలు మొదటి అధ్యాయంలో "బ్రదుకుట క్రీస్తే, చావైతే లాభము" అన్నది భక్తిపాట పల్లవి కాదు, కేసు ఎటు తేలుతుందో తెలియని మనిషి రెండు వైపులూ తూచి చూసుకోవడం.

ఇంకో సంగతి, తిండి. ఖైదీ బాగోగులు చాలావరకూ బయటివాళ్ల మీదే ఆధారపడేవి. అయినవాళ్లు అన్నం, బట్టలు, డబ్బు తెస్తేనే రోజు గడిచేది. ఇది మనసులో పెట్టుకుంటే ఎపఫ్రొదితు ఎవరో అర్థమవుతుంది. ఫిలిప్పీ సంఘం చందాలు పోగుచేసి ఇచ్చిన సొమ్ము పట్టుకుని అంత దూరం వచ్చినవాడు. దారిలోనో వచ్చాకో జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లాడు.

అది ఏ ఊరి జైలు? పాతకాలం నుంచీ ఎక్కువమంది రోమా అన్నారు. అపొస్తలుల కార్యములు 28లో పౌలు రెండేళ్లు అద్దె ఇంట్లో, గొలుసుతో, కాపలా సైనికుడితో ఉన్నాడని ఉంది, సుమారు క్రీ.శ. 60–62 ప్రాంతం. పత్రికలో చక్రవర్తి అంగరక్షక దళమైన ప్రేతోర్య సేన (1:13), కైసరు అంటే చక్రవర్తి ఇంటివారు (4:22) కనబడటం దానికి సరిపోతుంది. మనుషులు అటూ ఇటూ ఇన్నిసార్లు తిరిగారంటే ఫిలిప్పీకి దగ్గరగా ఉన్న ఎఫెసు అయ్యుండాలని కొందరు, కైసరయ అని ఇంకొందరు అంటారు. మీ చదువుకి ఇది అడ్డం కాదు. మీరు చేయాల్సింది "బంధకములు" అన్న మాట 1:7, 13, 14, 17ల్లో ఎక్కడెక్కడ ఉందో గుండ్రంగా చుట్టడం. పదకొండు వచనాల్లో నాలుగుసార్లు. సంతోషం గురించి మాట్లాడుతున్న మనిషి గొలుసు చప్పుడు దాచడం లేదు.

మూడో అడుగు: ఆ ఊరి గర్వం ఏంటో తెలుసుకోండి

ఈ అడుగు వదిలేస్తే రెండో అధ్యాయం సగమే అర్థమవుతుంది.

ఫిలిప్పీ ఇప్పటి ఉత్తర గ్రీసులో, కవాలా రేవుకి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంది. శిథిలాలు ఇప్పటికీ చూడొచ్చు, 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. క్రీ.పూ. 356లో మాసిడోనియా రాజు రెండో ఫిలిప్పు, అంటే అలెగ్జాండర్ తండ్రి, దగ్గర్లోని బంగారు గనుల మీద కన్నేసి ఈ ఊరిని పట్టుకుని తన పేరు పెట్టుకున్నాడు. క్రీ.పూ. 42లో జూలియస్ సీజర్‌ని చంపిన బ్రూటస్, కాషియస్‌లను ఆంటోనీ, ఆక్టేవియన్ ఓడించింది ఈ ఊరి మైదానంలోనే. ఆ యుద్ధం తర్వాత రిటైరైన రోమా సైనికులకి ఇక్కడ భూములిచ్చి, ఊరిని రోమా కాలనీ చేశారు. ఇటలీ గడ్డకున్న హక్కులే ఈ గడ్డకీ ఇచ్చారు. గ్రీకు మాట్లాడే ప్రాంతం మధ్యలో లాటిన్ శాసనాలు చెక్కించుకునే ఊరు. ఆ శాసనాల్లో మనుషులు తమ పదవులు ఒకదాని తర్వాత ఒకటి వరసపెట్టి రాయించుకున్నారు. మన ఊళ్లలో ఆర్చీల మీద, ఫ్లెక్సీల మీద పేరు పక్కన మాజీ, ప్రస్తుత హోదాలన్నీ వేయించుకుంటారే, అదే మనస్తత్వం రాతి మీద.

అపొస్తలుల కార్యములు 16 ఇప్పుడు చదవండి. పౌలు, అతని తోటి బోధకుడు సీలల మీద ఫిర్యాదు చేసినవాళ్లు "రోమీయులమైన మనము" అని తమ గురించి చెప్పుకుంటారు. వీళ్లని విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి, కాళ్లకి బొండ వేస్తారు. మధ్యరాత్రి వాళ్లు పాటలు పాడుతుంటే తోటి ఖైదీలు వింటారు. భూకంపం వస్తుంది, తలుపులు తెరుచుకుంటాయి, చెరసాల నాయకుడు కత్తి దూసి తన ప్రాణం తీసుకోబోతే పౌలు కేకవేసి ఆపుతాడు. ఆ రాత్రి ఆ నాయకుడి ఇంట్లో భోజనం. అంటే కొన్నేళ్ల తర్వాత పౌలు ఇంకో జైలు నుంచి "ఆనందించుడి" అని రాస్తే, ఆ ఊళ్లో వింటున్నవాళ్లలో ఆ పాత రాత్రి గుర్తున్నవాళ్లు ఉండే ఉంటారు. ఊదా రంగు బట్టల వ్యాపారం చేసే లూదియ ఇంట్లో మొదలైన సంఘం అది. వాళ్లకి ఈ మాట కొత్తగా అనిపించి ఉండదు.

నాలుగో అడుగు: పచ్చ పెన్సిల్ తీయండి

సంతోషం కనపడిన చోటల్లా గీత గీయండి. ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక చిక్కు ఉంది. మూలంలో ఒకే వేరు నుంచి వచ్చిన మాటలని మన పాత అనువాదం ఒకచోట "సంతోషము" అని, ఇంకోచోట "ఆనందము" అని రాసింది. కాబట్టి రెండింటినీ గీయాలి. గ్రీకులో ఖరా అనే నామవాచకం 5 సార్లు, ఖైరో అనే క్రియ 9 సార్లు, "కలిసి సంతోషించు" అనే రూపం 2 సార్లు, వెరసి 16. మీ లెక్క ఒకటి రెండు అటూ ఇటూ అయినా కంగారుపడకండి.

గీశాక నోట్‌బుక్‌లో రెండు వరసలు చేయండి. ఎడమవైపు వచనం, కుడివైపు "ఈ సంతోషం దేన్ని గురించి?" అని. నింపుతూ పోతే ఇలా వస్తుంది: 1:4 వాళ్లు ప్రార్థనలో గుర్తొచ్చినందుకు. 2:2 వాళ్లు ఒక మాట మీద ఉంటే. 2:17 తన రక్తమే పానార్పణంగా పోయాల్సి వచ్చినా. 2:28 జబ్బు తగ్గిన ఎపఫ్రొదితుని వాళ్లు మళ్లీ చూస్తారని. 4:1లో వాళ్లే ఆయన ఆనందం, కిరీటం. 4:10 వాళ్లు మళ్లీ తన గురించి ఆలోచించినందుకు. కుడివైపు వరస పైనుంచి కిందికి ఒకసారి చూడండి. విడుదలవుతాననే ఆశ పత్రికలో ఉంది, 2:24లో బాహాటంగానే ఉంది. కానీ సంతోషాన్ని దానికి కట్టిపెట్టలేదు. దాదాపు ప్రతిచోటా సంతోషానికి కారణం ఇంకొకరు.

అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చోవాల్సింది 1:15–18 దగ్గర. పౌలు లోపల ఉన్నాడని తెలిసి బయట కొందరు బోధకులు జోరు పెంచారు. అందులో కొందరు అసూయతో, పోటీతో, గొలుసుతో ఉన్నవాడి మనసు ఇంకాస్త నొప్పించాలని చేస్తున్నారు. సంఘాల్లో తిరిగినవాళ్లకి ఇది వివరించి చెప్పక్కర్లేదు. మైకు ఎవరికి, పోస్టరు మీద ఎవరి ఫోటో పెద్దది అనే గొడవలు మనం చూసినవే. పౌలు జవాబు రెండు మాటలు: "అయిననేమి?" మన వాడుకలో, "అయితే ఏంటట?" క్రీస్తు పేరు వినబడుతోంది కదా, "అందుకు నేను సంతోషించుచున్నాను" అంటాడు.

దీన్ని మంచితనం అని సరిపెట్టేయకండి. ఇదే పౌలు గలతీ పత్రికలో వేరే సువార్త చెప్పినవాళ్ల మీద నిప్పులు కురిపించాడు. ఈ పత్రికలోనే మూడో అధ్యాయంలో కొందరిని కుక్కలన్నాడు. అంటే బోధ చెడితే ఊరుకోడు. బోధ సరిగ్గా ఉండి, దెబ్బ తన పేరుకి మాత్రమే తగిలితే దులిపేసుకుంటాడు. ఈ తేడా పట్టుకున్నారంటే సంతోషం నుంచి తగ్గింపుకి వెళ్లే తలుపు దొరికినట్టే.

ఐదో అడుగు: ఎరుపు పెన్సిల్, నాలుగు చోట్లు

వినయం అన్న మాట మనకి మంచి మాట. ఆ కాలపు గ్రీకు, రోమా లోకంలో అలా కాదు. తపైనోస్ అంటే నేలబారుగా ఉన్నది, కింది స్థాయిది, బానిసకి తగినది. పెద్దమనిషి దాన్ని గుణంగా చెప్పుకునేవాడు కాదు. పదవుల వరస రాతి మీద చెక్కించుకునే ఊరికి ఆ మాటని ఒక గుణంగా పంపడం ఎంత వింతగా వినబడి ఉంటుందో ఊహించండి.

ఆ వేరుమాట పత్రికలో నాలుగు చోట్ల వస్తుంది. తెలుగులో నాలుగూ వేరువేరు వేషాల్లో ఉన్నాయి కాబట్టి మామూలుగా చదివితే చుట్టరికం కనపడదు. 2:3లో "వినయమైన మనస్సు". 2:8లో "తన్ను తాను తగ్గించుకొనెను". 3:21లో "దీనశరీరము". 4:12లో "దీనస్థితి". నాలుగింటికీ ఎరుపు గీయండి. సంఘానికి చెప్పిన మాట, క్రీస్తు చేసిన పని, మనందరి ఒళ్లు, పౌలు జైలు బతుకు, నాలుగూ ఒకే మాటలో ఉన్నాయి. వాటితో పాటు "దాసుడు" అన్న మాటకి కూడా ఎరుపు గీయండి: 1:1లో పౌలు, తిమోతి తమని పరిచయం చేసుకున్నదీ, 2:7లో క్రీస్తు ధరించిన రూపమూ అదే.

ఇప్పుడు 2:6–8ని మెట్లలా రాయండి. పేజీ పైన "దేవుని స్వరూపము". ఒక మెట్టు కింద "రిక్తుడు". రిక్తహస్తాలంటే ఖాళీ చేతులని మనకి తెలుసు, ఇక్కడ తన్ను తాను ఖాళీ చేసుకోవడం. కింద "దాసుని స్వరూపము". ఇంకా కింద "మనుష్యుల పోలిక". ఇంకా కింద "మరణము". అట్టడుగున "సిలువమరణము". ఒక చిన్న హెచ్చరిక: తెలుగులో క్రియ వాక్యం చివరికి వస్తుంది కాబట్టి పాత అనువాదంలో "పుట్టి", "ధరించుకొని" ముందు వచ్చి "రిక్తునిగా చేసికొనెను" చివర పడింది. మూలంలో ఖాళీ చేసుకోవడమే ముందు. మెట్లు రాసేటప్పుడు ఆ వరసే వేయండి.

ఈ భాగం సంఘాల్లో ముందే పాడుకుంటున్న కీర్తన అని, పౌలు దాన్ని తీసుకుని వాడాడని 1928లో జర్మన్ పండితుడు ఎర్నెస్ట్ లోమైయర్ వాదించాడు. అప్పటి నుంచి దీన్ని "క్రీస్తు కీర్తన" అనడం మామూలైపోయింది. కీర్తనైనా కాకపోయినా దిగుతున్న లయ చెవికి తెలుస్తుంది. అట్టడుగు మెట్టు దగ్గర ఆగండి. సిలువ బానిసలకీ తిరుగుబాటుదారులకీ వేసే శిక్ష. రోమా పౌరులకి మామూలుగా వేసేవారు కాదు. పౌరసత్వమే ప్రాణంగా ఉన్న ఊళ్లో ఇంతకన్నా తక్కువ మెట్టు లేదు.

9వ వచనంలో కర్త మారిపోతాడు. అంతవరకూ పనులన్నీ క్రీస్తువి. ఇక్కడ నుంచి "దేవుడు" హెచ్చించాడు. పైకి ఎక్కడం ఆయన తనకి తాను చేసుకున్న పని కాదు.

మెట్ల పక్కనే ఖాళీ జాగాలో 3:5–8 రాయండి. ఎనిమిదో రోజు సున్నతి, ఇశ్రాయేలు వంశం, బెన్యామీను గోత్రం, హెబ్రీయుల్లో హెబ్రీయుడు, పరిసయ్యుడు. అచ్చం ఫిలిప్పీ శాసనంలా ఉన్న పట్టిక, పౌలు సొంత బయోడేటా. దాన్ని చివరికంటా చదివి "పెంట" అంటాడు. మూలంలో ఆ మాట ఇంకా మొరటుగా ఉంటుంది, మన అనువాదకులు మర్యాద ఏమీ చూసుకోకుండా మంచి పని చేశారు. రెండో అధ్యాయంలో క్రీస్తు దిగిన మెట్ల మీదే మూడో అధ్యాయంలో పౌలు దిగుతున్నాడు. ఇది ఒకే ఉత్తరమని నాకు అనిపించడానికి ఇదే పెద్ద కారణం.

ఆరో అడుగు: ఎవరిని తగ్గమంటున్నాం?

ఇది చదివే పద్ధతిలో భాగం, పక్కన పెట్టకండి.

మన ఊళ్లలో "తగ్గి ఉండు" అనే మాట ఎవరితో అంటారు? కోడలితో అంటారు. కూలీతో అంటారు. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది, తరతరాలుగా ఊరి పెద్దల వీధిలో చెప్పులు చేతిలో పట్టుకుని నడవాల్సి వచ్చిన కుటుంబాల బిడ్డలు. వాళ్లకి రెండో అధ్యాయం చూపించి "చూశారా, తగ్గించుకోవాలి" అంటే, పత్రికని తలకిందులుగా పట్టుకున్నట్టే.

మెట్లు మళ్లీ చూడండి. దిగడం మొదలైంది పైనుంచి. ఖాళీ చేసుకోమన్నది నిండుగా ఉన్నవాడిని. "తన్ను తానే" అన్న మాట రెండుసార్లు వస్తుంది, ఎవరూ ఆయన్ని నెట్టలేదు. 2:3లో కూడా "యొకనినొకడు" అని ఉంది, ఒకవైపు నుంచే కాదు. కాబట్టి గుంపుగా చదివేటప్పుడు ఈ భాగాన్ని మొదట పాస్టర్లకీ, పెద్దలకీ, ఇంటి మగవాళ్లకీ, నాలాగా ఎప్పుడూ ముందు వరసలో మాట్లాడేవాళ్లకీ వర్తింపజేయండి. అప్పటికీ సమయం మిగిలితే మిగతావాళ్ల సంగతి చూద్దాం.

ఏడో అడుగు: ఆ ఇద్దరు ఆడవాళ్ల దగ్గర ఆగండి

4:2. యువొదియ, సుంటుకే. ఇద్దరికీ పడటం లేదు. ఎందుకో పౌలు చెప్పడు. ఇద్దరూ సువార్త పనిలో తనతో కలిసి పోరాడినవాళ్లని మాత్రం చెబుతాడు. అంటే నోరున్న గయ్యాళులు కాదు, సంఘంలో నాయకులు. బోధల్లో వీళ్లని జోకుగా వాడటం విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

"ఏకమనస్సు గలవారై యుండుడి" అని ఇద్దరినీ విడివిడిగా బతిమాలుకుంటాడు. ఇప్పుడు 2:2కి వెనక్కి వెళ్లండి. అక్కడ సంఘం అందరికీ చెప్పిన మాటా ఇదే, మూలంలో అవే పదాలు. "ఇలా ఆలోచించండి, ఈ మనసు కలిగి ఉండండి" అనే క్రియ నాలుగు అధ్యాయాల్లో 10 సార్లు వస్తుంది. క్రీస్తు మెట్లు దిగిన కీర్తన, ఈ ఇద్దరి గొడవ ఉన్న సంఘానికే పంపాడన్నమాట. అది సిద్ధాంత వ్యాసంగా రాలేదు, మాటలు లేని మనుషులు ఒకే గదిలో కూర్చుని విన్న ఉత్తరంలో వచ్చింది.

ఇప్పుడు 4:4 చదవండి. గొడవ గురించిన మాట పూర్తయిన వెంటనే "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి, మరల చెప్పుదును ఆనందించుడి". కార్డు మీద ఒంటరిగా ఉన్నప్పుడు కనపడని సంగతి ఇది. ఆ వెనకే "మీ సహనమును సకల జనులకు తెలియబడనియ్యుడి". పచ్చ గీత, ఎరుపు గీత ఇక్కడ పక్కపక్కనే పడతాయి. 4:7లో సమాధానం హృదయాలకి "కావలి యుండును" అన్నది కూడా సైనికుల మాట, కోటకి కాపలా పెట్టడం. పక్కన సైనికుడు కాపలా ఉన్న ఖైదీ, మాజీ సైనికుల ఊరికి రాసిన మాట.

ఎనిమిదో అడుగు: డబ్బు సంగతి దాటేయకండి

4:10–20 నిజానికి అందిన సొమ్ముకి రసీదు. "ఇచ్చు విషయములోను పుచ్చుకొను విషయములోను" లాంటి లెక్కల భాష వాడతాడు. డబ్బు తీసుకుంటూనే, దానికోసం చూడలేదంటాడు. సంతోషించానంటాడు, కానీ లోటుందని అనడంలేదంటాడు. సహాయం తీసుకోవడం ఎంత ఇబ్బందో ఒక్కసారి తీసుకున్నవాళ్లకి తెలుస్తుంది. ఇవ్వడంలో తగ్గింపు సులువు, పుచ్చుకోవడంలోనే కష్టం.

4:11లో "సంతృప్తి" అని ఉన్న చోట పౌలు వాడింది స్తోయికు తత్వవేత్తల పదం, ఎవరి మీదా ఆధారపడకుండా తనకి తాను సరిపోయేవాడు అని. ఆ పదం తీసుకుని రెండే వచనాల్లో అర్థం తిప్పేస్తాడు: నన్ను బలపరచేవాడి వల్ల. మరుసటి వచనంలోనే, అయినా నా శ్రమలో మీరు పాలుపంచుకున్నది మంచి పని అంటాడు. మా బీరువా మీది కార్డు అసలు ఇల్లు ఇది. పరీక్షలకి పనికిరాదని కాదు, ముందు ఆకలికి పనికొచ్చింది.

గుంపుగా చదివించేవాళ్లకి

గృహ కూడికల్లో అయితే ఐదు వారాలు పెట్టుకోండి. మొదటి వారం పూర్తిగా పైకి చదవడం, అపొస్తలుల కార్యములు 16. తర్వాత వారానికి ఒక అధ్యాయం. రెండో అధ్యాయానికి ఒక వారం చాలదు, ఐదో వారం జారినా పర్వాలేదు. రంగు గీతలు ఎవరివి వాళ్లే గీయాలి. మీరు ముందే గీసి జిరాక్స్ ఇస్తే సగం పని చెడిపోతుంది.

ఒక జాగ్రత్త. గుంపులో ఈ మధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు ఉంటే 4:4తో మొదలుపెట్టకండి. చావింటికి వెళ్లి "ఆనందించుడి" అనేవాళ్లని నేను చూశాను, ఒకప్పుడు నేనూ అన్నాను. అలాంటివాళ్లతో 2:25–30 చదవండి. ఎపఫ్రొదితు చనిపోయి ఉంటే తనకి "దుఃఖముమీద దుఃఖము" అయ్యేదని పౌలు ఒప్పుకుంటాడు. 3:18లో ఏడుస్తూ చెబుతున్నానంటాడు. ఈ పత్రికలో సంతోషించే మనిషి ఏడవని మనిషి కాదు.

ఎపఫ్రొదితుని గురించి ఇంకొక్క మాట. పౌలు అతన్ని వెనక్కి పంపుతూ సహోదరుడు, జతపనివాడు, తోడి యోధుడు అని బిరుదుల మీద బిరుదులు ఇస్తాడు. పని పూర్తి చేయకుండా వచ్చేశాడని ఊళ్లో ఎవరూ అనకుండా ముందే కంచె వేసినట్టు ఉంటుంది. తగ్గింపు అంటే పక్కవాడి పరువు కాపాడటం కూడా అని చూపించే చోటు ఇదే. చాలామంది ఇక్కడ ఆగకుండా వెళ్లిపోతారు.

ఇది అయ్యాక ఏం చదవాలి?

సుమారు రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్‌ని సైనికులు రోమాకి తీసుకెళ్తుంటే దారిలో ఏడు ఉత్తరాలు రాశాడు. తన సంకెళ్లని ఆత్మీయమైన ముత్యాలన్నాడు. ఆయన ఫిలిప్పీ మీదుగానే వెళ్లాడు. అక్కడి సంఘం ఆదరించిందని, సంకెళ్లు పరిశుద్ధులకి కిరీటాల్లాంటివని పొలికార్పు ఆ ఊరికి రాశాడు. పౌలుకి డబ్బు పంపిన సంఘం, రెండు తరాల తర్వాత ఇంకో ఖైదీకి తలుపు తీసింది. పౌలుతో పోలిస్తే ఇగ్నేషియస్ చావుని వెతుక్కుంటూ వెళ్తున్నట్టు ఉంటాడు, ఆ తేడా గమనించండి.

దానికన్నా ముందు ఫిలేమోను చదవండి. అదీ బంధకాల్లోంచి రాసిందే, 25 వచనాలే, పావుగంట చాలు. పారిపోయిన బానిస ఒనేసిముని యజమాని దగ్గరికి తిప్పి పంపుతూ రాసింది. పెన్సిళ్లు రెండూ దగ్గర పెట్టుకోండి. 7వ వచనంలో పచ్చ పడుతుంది, 16వ వచనంలో ఎరుపు.